నాలుక లేనిది

ఫారం మరాఠీలో ఉంది.
ఖరీఫ్ కలుపు సర్వే, తాలూకా సిరొంచా.
మొదటి గడిలో స్థానిక నామం,
ఆఖరి గడిలో ఉపయోగం,
నడుమంతా కొలతలు.

అంకీసా దాటాక కాలువ గట్టు మీద స్కూటీ ఆపి
చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను.
నాటేసి ఇరవై రెండు రోజులైన మడి.
ఏది చూసినా వరే.
ఎంతసేపు చూసినా వరే.
బల్లార్షా మిల్లు క్వార్టర్లలో పెరిగినదాన్ని,
ఉద్యోగం వచ్చి ఏడో నెల.

దుర్గం బానక్క వంచిన నడుం ఎత్తలేదు.
రెండు పిలకలు పీకి నా అరచేతిలో పక్కపక్కన పెట్టింది.
"ఇది అన్నం. ఇది ఊద.
ఆకు కాడను ఇడిసే జాగల గోరు వెట్టి ఇప్పి చూడు.
వరికి సన్న నాలికుంటది, తెల్లగ, ఉల్లిపొర లెక్క.
ఊదకు ఉండది.
బోడిగ, నున్నగ,
మరాఠీ బడిల మొదటి దినం నేనున్నట్టు."
అని తనే నవ్వింది.

గోరు పెట్టాను. లేదు.
ఇంకోదానికి పెట్టాను. ఉంది, వణుకుతోంది,
నా ఊపిరికే.

"మొదలు చూడు, ఎర్రగుంటది.
పక్కకు ఒరుగుతది, కణుపుకు మట్టి తాకితే ఆడనే ఏరు.
ఆకు మీద వంకాయరంగు పట్టీలుంటయి కొన్నిటికి.
అన్నిటికి ఉండయ్.
రంగును నమ్ముకుంటే దెబ్బతింటవ్ బిడ్డా."

రాసుకున్నాను: ఆకు పద్నాలుగు సెంటీమీటర్లు,
వెడల్పు ఆరు మిల్లీమీటర్లు, నూగు లేదు.
గట్టు మీద తొందరపడి మొలిచినదొకటి
అప్పుడే ఎన్ను తీసింది:
వేలెడు కాడకు అటొకటి ఇటొకటి పొట్టి రెమ్మలు,
రెమ్మకు నాలుగు వరుసల గింజలు,
మీసం లేదు, ముల్లు లేదు,
ఊదారంగు అంటీ అంటనట్టు.

"ఎన్ను తీసినంక పోరగాండ్లు గూడ గుర్తువడ్తరు.
అప్పుడు గుర్తువట్టి ఏం జేస్తవ్?
వరి పండకముందే ఇది రాల్చుకోని పోతది,
వచ్చేయేటికి, ఆపై యేటికి."

ఏకవార్షికం, అని రాశాను.

నమూనాకని ఇరవై పీకాను.
బానక్క కట్ట విప్పి
అందులోంచి మూడు తీసి
బొటనవేలితో మళ్ళీ బురదలో గుచ్చింది.
ఏమీ అనలేదు. చూసినట్టు కూడా లేదు.

మధ్యాహ్నం గట్టు మీద, జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు.
"ప్రాణహిత ఇసుక మేటేసిన యేడు
మా అవ్వ చేట వట్టుకోని గట్లెంబడి దీన్నే దులిపింది.
పొద్దంత దులిపితే సోలెడు.
జావ గాస్తే పాలరంగు.
ఇప్పుడు ఏకాదశికి కిరాణంల భగర్ పొట్లం అమ్ముతరు సూడు,
అది దీని చుట్టమే.
పొట్లంల ఉంటే దేవునికి,
మడిల ఉంటే నా కూలికి."

ఎంత, కూలి? అడిగాను.
ఆ గడి ఫారంలో లేదు.
"రెండొందల యాభై. ఊద ఎక్కువున్న యేడు
పది దినాలు ఎక్కువ పని."

ఆఫీసులో స్థానిక నామం దగ్గర
దేవనాగరిలో ఊద అని రాశాను.
"ఊద్ అంటే సాంబ్రాణి కదా మేడం,"
గుమాస్తా కాంబ్డే నవ్వుతూ కొట్టేశాడు,
పైన పాకడ్ అని ముద్దుగా రాశాడు.
ఉపయోగం గడిలో ఏం రాయను?
నిరంక్ రాసెయ్యండి, అందరూ అదే రాస్తారు.

పెన్ను ఎత్తి పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

రాత్రి గదిలో
పాత పేపర్ల మడతల్లోంచి ఎండిన మొక్కలు తీసి
అట్టల మీద అంటించాను.
నేల మీద నువ్వుకన్న చిన్న గింజలు రాలాయి.
ఊడ్చాను, చీపురుకే అంటుకున్నాయి కొన్ని.
తొమ్మిది అట్టలు. గడ్చిరోలి బస్సు పొద్దున ఆరింటికి.
దారం కట్టబోతూ ఎందుకో
తొమ్మిదో అట్టను దీపం దగ్గరికి తీసి
మెడ దగ్గర గోరు పెట్టాను.

తెల్లగా, సన్నగా, ఎండి చిట్లి, ఉంది.

జిగురు ఆరిపోయింది అప్పటికే.